కట్టమ్మ పట్టిన మునుం

కట్టమ్మ గెలిచిన మొదటి గెలుపు నాట్ల గుంపుకు మేస్త్రి కావడం. మూడు వానాకాలాలు పోరాడి, ఇరవై ఆరేళ్ళ వయసులో సంపాదించుకున్న పేరది. అంతకుముందు వర్ధన్నపేట చుట్టుపక్కల ఏ ఊరు తీసుకున్నా మేస్త్రి అంటే మగవాడే. బురదలో నడుం వంచేది ఆడవాళ్ళు, ఒడ్డు మీద గొడుగు పట్టుకుని రైతుతో మాట్లాడేది మేస్త్రి. మొదటి ఏడు కట్టమ్మ ఆ పని తనకివ్వమని అడిగితే నవ్వారు. రెండో ఏడు తిట్టారు. మూడో ఏడు ఆమె ఎవరినీ అడగలేదు. పదకొండు మందిని వెంటబెట్టుకుని పొద్దు పొడవకముందే పొలంలో దిగింది. మేస్త్రి తీరిగ్గా చాయ్ తాగి గొడుగు తెచ్చుకునేసరికి అరెకరం నాటు అయిపోయింది, దారం పట్టి కొలిచినంత వరుసగా. ఆ పొలం రైతు వరుసలు చూసి, "ఇగ నుంచి నా పొలానికి కట్టమ్మే మేస్త్రి. గొడుగుతోని నాకేం పని లేదు" అన్నాడు.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళలో ఆమె సాధించినవి ఒకటా రెండా! డిపో మేనేజరు గది ముందు పొద్దంతా కూర్చుని ఊరి దగ్గర బస్సు ఆపించింది. వార్డు మెంబరుగా గెలిచి, పొలాల బాట మీద మోరీ కట్టించింది. నిండు ట్రాక్టర్లు ఇప్పటికీ దాని మీదనే పోతున్నాయి. నలభై దాటాక సంతకం నేర్చుకుంది, అదీ ఒత్తు తప్పకుండా. నాటు మిషన్లు వచ్చిన ఏడు చుట్టుపక్కల గుంపులన్నీ చెదిరిపోతే, మిషన్ తిరగలేని మూలమళ్ళు, దిగబడే మళ్ళు తమకే వదలాలని రైతులను ఒప్పించి తనతో కలిపి పద్నాలుగు మందినీ నిలబెట్టుకుంది.

ఆ గుంపులో మునుం పట్టేది ఎప్పుడూ ఆమే. ఒకరి పక్కన ఒకరు వరుసగా నిలబడి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా వెనక్కు నడుస్తూ నాటుకుపోయే పట్టీని మునుం అంటారు. ముందు ఒకతె వంగి మొదటి నారు గుచ్చితేనే మిగతా నడుములు వంగుతాయి. అటువంటి కట్టమ్మకు మోకాలు వంగకుండా పోయింది.

అది 2024 ఆగస్టు 25, ఆదివారం. ఆఖరి నాటు ముగిసిన సంతోషంలో గుంపంతా ట్రాలీ ఆటో కట్టించుకుని నల్లగుట్ట చెరువుకు బోటింగ్‌కు పోయింది. పద్నాలుగు మందికీ కలిపి ఒకటే గ్రూపు టికెట్ రాసిచ్చారు. కట్టమ్మ దాన్ని నడుముకు దోపుకున్న ఆకువక్కల సంచిలో, ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంది. పడవ పట్టేది ఎనిమిది మందిని. కాంట్రాక్టరు భానుచందర్ మనుషులు పద్నాలుగు మందినీ ఎక్కించారు. తిరిగివచ్చి ఒడ్డున ఇనుప మెట్లకు ఆనించేటప్పుడు అందరూ ఒకే పక్కకు లేచారు. పడవ ఒరిగింది. కట్టమ్మ ముందున్న వాళ్ళను పైకి తోస్తూ చివరిదాకా నిలబడింది. అందరూ ఎక్కారు. ఆమె కుడికాలు మాత్రం పడవ అంచుకూ ఇనుప మెట్టుకూ నడుమ నలిగిపోయింది.

తొడ ఎముకలో రాడ్డు వేశారు. ఎముక అతికింది కానీ మోకాలు బిగుసుకుపోయింది. ఇంకొక ఆపరేషన్ చేసి రాడ్డు తీసి, మోకాలును వదులు చేస్తే మళ్ళీ వంగుతుందని డాక్టరు చెప్పాడు. "అప్పటిదాకా బురదలో కాలు పెట్టద్దు. జారితే మాత్రం ఈ కాలు మళ్ళీ నిలబడదు" అని కూడా చెప్పాడు. ఆ ఆపరేషన్ సొంతంగా చేయించుకునే శక్తి వాళ్ళకు లేదు. అందుకే కట్టమ్మ హనుమకొండ పోయి శోభారాణి అనే వకీలును పట్టుకుని వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసింది. ఆ కేసు గెలిస్తే మోకాలు వంగుతుంది. ఓడితే ముప్పై ఏళ్ళ మేస్త్రి గడప మీద కూర్చోవాల్సిందే.

భానుచందర్ తరఫున వచ్చిన జవాబు చదివి శోభారాణి తల పట్టుకుంది. 'ఈమె మా పడవ ఎక్కనే లేదు. టికెట్ కొనలేదు. మెట్ల మీద ఆడుకుంటూ జారిపడింది.' గుంపు ఆడవాళ్ళు సాక్ష్యం రాసిచ్చారు. వాళ్ళంతా ఆమె చేతికింది కూలీలే, ఆమె చెప్పినట్టే చెబుతారని అవతలి వకీలు కొట్టిపారేశాడు. టికెట్ చూపించడానికి కమిషన్ ఆఖరి అవకాశం ఇచ్చింది. గడువు 2025 జూలై 21, సోమవారం.

"టికెట్ కొన్నట్టు రుజువుంటేనే నువ్వు వాళ్ళ కస్టమర్‌వి కట్టమ్మా. లేకుంటే కేసే నిలబడదు. సోమవారం పదిన్నరకు ఒరిజినల్ నా చేతిల ఉండాలె" అని శుక్రవారం ఫోన్‌లో చెప్పింది శోభారాణి.

ఇల్లంతా వెతికారు. బియ్యం డబ్బా, దవాఖాన కాగితాల సంచి, దిండు గలీబులు, చివరికి గోడ మీది పాత క్యాలెండరు వెనక కూడా. కట్టమ్మ కుంటుతూ వెతుకుతుంటే, ఆమె వెనకాలే తిరుగుతూ వెతికినట్టు చేస్తున్నాడు భర్త సారయ్య. ఆయన ఊరి చెరువుకు నీరటికాడు. తూము తెరిచి పొలాలకు నీళ్ళు వదిలే పని తాత నాటి నుంచి వాళ్ళింటిదే. చెరువు కట్టను కాసే మైసమ్మ అంటే ఆయనకు ప్రాణం. కట్టమ్మ అన్న పేరు చూసే ఈమెను చేసుకున్నాడని ఊళ్ళో ఇప్పటికీ ఆటపట్టిస్తారు.

శనివారం పొద్దున కట్టమ్మ వెతకడం ఆపి మంచం మీద కూర్చుంది.

"ఇగో, జర ఇటు జూడు. ఆనాడు దవాఖానల నా సంచి ఎవల చేతికిచ్చిన్లు?"

"నాకే ఇచ్చిన్లు."

"అండ్ల టికెట్ ఉండె. ఏం జేసినవ్?"

"యాదికి లేదే."

"పదేండ్ల కింద తూము పలక ఎన్ని ఇంచులు లేపినవో యాదికుంటది. నా టికెట్ యాదికుండదా?"

ఒక్క క్షణం సారయ్య చూపు పైకి, దూలం వైపు పోయింది. అక్కడ పసుపు గుడ్డలో కట్టిన చిన్న ముడుపు వేలాడుతోంది. ఆపరేషన్ నాటి పొద్దున ఆయన మైసమ్మకు మొక్కి కట్టిన ముడుపది. ముప్పై ఐదేళ్ళ కాపురంలో ఆయన చూపు ఎటు పోతే ఏమర్థమో కట్టమ్మకు తెలియనిది కాదు.

"ముడుపులగిట్ల పెట్టినవా ఏంది!"

"ముడుపుల ఏమున్నదో నోటితోని చెప్పొద్దే" అన్నాడు సారయ్య. ఆ మాటతో అంతా చెప్పేసినట్టయింది.

"దేవుని ముడుపుల పడవ టికెట్ పెట్టుడేందయ్యా! నీకేమన్న దిమాక్ ఉన్నదా?"

సారయ్య దూలం కిందికి వచ్చి నిలబడ్డాడు. "రూపాయి పావలా పెట్టాలె గదనే. రూపాయి దొరికింది. పావలా యాడ తేవాలె? వరంగల్ బజారంత తిరిగిన. పావలాలు బందై ఎన్నేండ్లాయె, దుకాణపోళ్ళు నవ్విన్లు. అక్కడేమో నిన్ను లోపలికి తీస్కపోతాన్లు. పావలాకు బదులు నీ పానానికి అంటుకున్నది ఏదన్న పెడుదామని సంచి ఇప్పిన. ఆకులు వక్కలు పెడుతరా? ఆ కాయితమొక్కటే కనవడ్డది."

కట్టమ్మకు కోపమూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ తిరిగాయి. రెండూ మింగి ఫోన్ తీసింది.

"మేడం, టికెట్ దొరికింది. గని ఇప్పరాదు."

"ఇప్పరాకపోవుడేందమ్మా? ముడి బిగుసుకుంటే కత్తెర లేదా ఇంట్ల?"

"కత్తెర ముచ్చట గాదు మేడం. అది మైసమ్మ ముడుపు. మొక్కు తీరకముందు ఇప్పద్దు."

"కమిషన్‌ల నేను మైసమ్మ పేరు మీద వాయిదా అడగలేనమ్మా" అంది శోభారాణి. "నీ కాలు గురించి ఆలోచించుకో. సోమవారం పదిన్నర."

ఫోన్ పెట్టేశాక కట్టమ్మ దూలం వైపు చాలాసేపు చూసింది. ముక్కాలి పీట వేసుకుంటే చేతికందేంత ఎత్తులోనే ఉంది. ఇప్పేస్తే ఎవరడుగుతారు? కానీ ఆ గుడ్డ కట్టిన మూడు రోజులకే తనకు తెలివి వచ్చింది. కాలు తీసేయాలన్న డాక్టర్లే తీయకుండా నిలబెట్టారు. ఇచ్చిన మాట తప్పి ఆమె ఏనాడూ ఏ పొలం గట్టూ ఎక్కలేదు. ఈ మాట ఇచ్చింది మనిషికి కూడా కాదు.

"ఏమని మొక్కినవో చెప్పు. ఒక్క మాట పొల్లు పోవద్దు."

"కట్టమ్మ మళ్ళ మునుం పట్టి నాటేస్తే ఇప్పుత తల్లీ, అని."

ఆ మధ్యాహ్నం గుంపులో రెండో మనిషి యమున వచ్చింది. వరుసకు ఆడబిడ్డ. పడవలో కట్టమ్మ తోసి ఎక్కించిన ఆఖరి మనిషి ఆమే. విషయమంతా విని నడుం మీద చేయి పెట్టుకుంది.

"ఇంతేనా వదినె! మా మడి ఒడ్డున కుర్సీ ఏత్త. కూసోని ఒక్క నారు కర్ర గుచ్చు. మొక్కు తీరిపాయె."

"ఒక్క కర్ర గుచ్చితే మునుం గాదు" అన్నాడు సారయ్య. "మునుం పట్టుడంటే ఒడ్డు నుంచి ఒడ్డుదాక."

"ఓ అన్నా! నువ్వు మాదిక్కున్నవా, ఆ కాంట్రాక్టరు దిక్కున్నవా? వాడన్న టికెట్ ఒక్కటే అడిగిండు."

"నేననలే. మొక్కంటాంది."

"మొక్కింది నువ్వే గద! జర తక్కువ మొక్కితె ఏంబోయె?"

కట్టమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసి యమునకు భయం వేసింది, ఎందుకంటే మేస్త్రి ఏదైనా తేల్చుకున్నప్పుడే అలా నవ్వుతుంది.

"మీ మూలమడి దున్ని పెట్టిన్లా యమునా?"

"వదినె, ఒద్దు. డాక్టర్ ఏమన్నడో మరిచిపోయినవా?"

"మరువలే. దున్ని పెట్టిన్లా లేదా?"

మూలమడి అంటే రెండు గదులంత ఉంటుంది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పన్నెండు అడుగులు. ఆదివారం పొద్దున ఆరున్నరకే గుంపంతా అక్కడికి చేరింది. ఎవరూ పాట ఎత్తుకోలేదు. సారయ్య ముందే వచ్చి నీళ్ళు తగ్గించి, కాలు పెట్టే చోట్లన్నీ కర్రతో పొడిచి చూశాడు. ఎక్కడెక్కడ ఎడ్ల గిట్టలు దిగబడి గుంటలు పడ్డాయో చేత్తో పూడ్చాడు.

కట్టమ్మ ఒడ్డు మీద నిలబడి మడిని చూసింది. నాటేవాళ్ళకు రెండు చేతులకూ పనే, ఒక చేతిలో నారు, రెండో చేతితో గుచ్చడం. ఊతకర్ర పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. వెనక్కు నడవాలి, అంటే బరువు మార్చిన ప్రతిసారీ ఆ రాడ్డు కాలి మీద ఒక్క క్షణం నిలబడాలి. పన్నెండు అడుగులు. ముప్పై ఏళ్ళలో ఎన్నడూ లెక్కపెట్టనిది ఆ పొద్దున లెక్కపెట్టుకుంది.

"నేను పట్టుకుంట" అని సారయ్య దిగబోయాడు.

"నువ్వు దిగద్దు. మగోళ్ళు పట్టిన మునుం యాడన్న ఉన్నదా?" అంది కట్టమ్మ. తర్వాత గుంపు వైపు తిరిగింది. "ఇనున్లి. మునుం అంటే ఒక్కతి గాదు, వరుస. మొక్కుల నన్ను ఎవలు ఆనుకోవద్దని ఏం లేదు. నాకు అటు ముగ్గురు, ఇటు ముగ్గురు రాన్లి. సందు లేకుంట నిలవడున్లి. భుజానికి భుజం తాకాలె. నేను అడుగేసినప్పుడే మీరు ఎయ్యాలె."

"గట్ల నాటితే వరుస ఒంకర వోతది వదినె" అంది యమున, కన్నీళ్ళ నడుమ.

"నా వరుస ఎన్నడన్న ఒంకర వోయిందా? నడువు."

దిగారు. కుడికాలిని కర్రలా వెనక్కు చాపి, ఎడమకాలి మీద నడుం వంచింది కట్టమ్మ. మొదటి నారు గుచ్చింది. అటూ ఇటూ ఆరు నడుములు వంగాయి. ఒక అడుగు. రెండు. బురద చల్లగా మడమను పట్టుకుంది, పదకొండు నెలల తర్వాత. మూడు. నాలుగు. తొడలో రాడ్డు ఉన్నచోట నిప్పు పెట్టినట్టుంది. ఆమె పెదవి కొరుక్కుని గుచ్చుతూనే ఉంది.

ఏడో అడుగులో కుడికాలు దిగబడింది. సారయ్య పూడ్చిన గుంటే, లోపల మెత్తగా ఉండిపోయింది. ఆమె ఒళ్ళంతా వెనక్కు వాలింది. ఇటు యమున భుజం, అటు ఇంకొకామె తుంటి, రెండూ గోడల్లా అడ్డుపడ్డాయి. ఆరుగురూ కదలలేదు. ఒక్కరు జరిగినా ఆమె పడిపోయేదే.

"నిలవడు వదినె. మేం ఉన్నం. తొందర లేదు."

"ఎడమకాలు ఆనిచ్చుకున్న. ఇప్పుడు ఎనుకకు... ఆఁ" అంది కట్టమ్మ.

బురద చప్పుడు చేస్తూ కాలును వదిలింది. ఎనిమిది. తొమ్మిది. పన్నెండో అడుగు వేసేసరికి వెనక మడమకు ఒడ్డు తగిలింది. కట్టమ్మ అప్పుడు తల ఎత్తి చూసింది. మడి ఇటు కొస నుంచి అటు కొస దాకా పచ్చటి గీత. వంకర లేదు.

సారయ్య కాళ్ళు కడుక్కుని, ఇంటికి పోయి, పీట ఎక్కి దూలం మీది ముడుపు దించాడు. దీపం ముట్టించి ముడి విప్పాడు. రూపాయి బిళ్ళ నల్లబడింది. కాగితం మడతమడతకూ పసుపు పట్టింది. కట్టమ్మ చిరగకుండా మడత విప్పింది. సీరియల్ నంబరు ఉంది. తేదీ ఉంది. 'బోటు 3, 14 మంది' అన్న బాల్‌పెన్ను రాత ఉంది. వెనక్కు తిప్పితే, తిరిగి ఇవ్వాల్సిన లైఫ్ జాకెట్ల గుర్తుకు ఆ పడవవాడు రాసుకున్న ఇంకో మాట కనిపించింది, 'జాకెట్లు 6.'

సోమవారం కమిషన్ వరండాలో భానుచందర్ ఎదురొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు.

"ఏం కట్టమ్మా, ఎందుకీ తిరుగుడు? కేసు వాపస్ తీస్కో, మందులకు నేనే ఏదన్న చూస్త. టికెట్ లేని కేసు ఎన్నొద్దులు లాగుతవ్?"

"టికెట్ లేదని నీకెవలు చెప్పిన్లు బిడ్డా?" అంది కట్టమ్మ. అతని నవ్వు సగంలో ఆగింది.

లోపల అవతలి వకీలు ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని పైకెత్తాడు. "అయ్యా, చూడండి. ఇన్ని నెలలు లేని టికెట్ ఆఖరి రోజు పుట్టింది. పైగా పచ్చగా ఉంది. పాతదిగా కనిపించాలని రంగు పులిమారు."

కమిషన్ అధ్యక్షుడు కట్టమ్మ వైపు చూశాడు. "ఏమ్మా, ఇది ఎందుకు పచ్చగా ఉంది?"

శోభారాణి లేవబోయింది. కట్టమ్మ ఊతకర్ర మీద ఆనుకుని తానే నిలబడింది.

"సారూ, అది పసుపు. మా ఆయన ముడుపుల కట్టిండు. రూపాయి పావలా కట్టాలె, పావలా దొరకలే. అందుకని నా టికెట్‌ను పావలా చేసిండు. మొక్కు తీరకముందు ఇప్పద్దని ఇన్నొద్దులు ఆగిండు. నిన్న పొద్దుగాల నాటేసి మొక్కు తీర్చుకోని ఇప్పినం. నా కాలి ఏళ్ళ సందులల్ల బురద ఇంకా పోలే, కావాల్నంటే చూడున్లి. దొంగ కాయితాన్ని మైసమ్మ ముడుపుల కట్టే ధైర్యం మా ఊళ్ళె ఎవ్వలకు లేదు సారూ. ఈ వకీలు సారుకు ఉంటే ఉండొచ్చు."

గదిలో నవ్వు లేచింది. అధ్యక్షుడు నవ్వలేదు. కాగితాన్ని వెనక్కు తిప్పాడు, కళ్ళజోడు సరిచేసుకుని చదివాడు.

"పద్నాలుగు మంది. ఆరు జాకెట్లు." అవతలి వకీలు వైపు చూశాడు. "ఈ నంబరు టికెట్ పుస్తకం, దాని కౌంటర్ ముక్క ఏదీ?"

వకీలు భానుచందర్‌ను చూశాడు. భానుచందర్ తన ఫోన్లను చూసుకున్నాడు. పుస్తకం నీళ్ళలో పడి పాడైందని చివరికి చెప్పారు.

"ఇరవై నాలుగు గంటలూ చెరువు ఒడ్డున ఉండే మీ పుస్తకం పాడైంది. ఊళ్ళో దూలానికి వేలాడిన ఆమె టికెట్ పాడవలేదు" అన్నాడు అధ్యక్షుడు. అదే ఏడు నవంబరులో తీర్పు వచ్చింది. పడవ పట్టే మందికి మించి ఎక్కించడం, జాకెట్లు ఇవ్వకపోవడం కాంట్రాక్టరు తప్పేనని, ఆమె ఆపరేషన్ ఖర్చంతా, పోయిన పని దినాల నష్టమూ అతనే భరించాలని రాశారు. భానుచందర్ ఏవేవో దారులు వెతికి, కాళ్ళరిగేలా తిరిగి, చివరికి వేసవి మొదట్లో కట్టాడు.

హైదరాబాద్ దవాఖానలో చేర్చే ముందు రోజు సారయ్య మళ్ళీ పసుపు గుడ్డ తీశాడు. కట్టమ్మ చేయి పట్టుకుంది.

"ఆగు. అండ్ల ఏం పెడతానవో నాకు చూపియ్యి."

"రూపాయే. చూడు."

"పావలాకు బదులు?"

"ఏం పెట్టలే."

"జేబు చూపియ్యి. ఆపరేషన్ కాయితం గిట్ల పెట్టినవంటే వాళ్ళు నన్ను ఇంటికి పంపరు."

రాడ్డు తీశారు. మోకాలు వదులైంది. మొదటిరోజు ఇరవై డిగ్రీలు వంగిందని సారయ్య ఫోన్‌లో యమునకు చెప్పాడు. ఆ డిగ్రీలంటే ఏమిటో ఇద్దరికీ తెలియదు కానీ ఇద్దరూ సంతోషపడ్డారు. వారం దాటాక తొంభై అన్నాడు. గుంపు మాత్రం కొత్త మేస్త్రిని పెట్టుకోలేదు. పక్క ఊరి రైతు వానాకాలం నాట్లు ఖాయం చేసుకుందామని వస్తే, మేస్త్రి వచ్చాకే మాట అని యమున తిప్పి పంపింది.

మూలమడిలో ఈసారి నారు పోస్తారు. మృగశిర కార్తె దాటనివ్వద్దని కట్టమ్మ దవాఖాన మంచం మీది నుంచే చెప్పి పంపింది. ఆమె ఊరికి వచ్చేది ఆ కార్తె దాటకముందే, 2026 జూన్ 14, ఆదివారం.